సూళ్లూరుపేట నుంచి లోకల్‌లో పట్నం: పొద్దున పోయి సాయంత్రం రావాలి, హడావుడి లేకుండా

చెంగాళమ్మ_గుడివీధి
మద్రాసుకి ఒక్క రోజు పోయి రావాలంటే ఎవర్ని అడిగినా ఎనిమిది చోట్ల పేర్లు చెప్తున్నారు. మెరీనా, టీనగర్, మైలాపూరు, బీసెంట్ నగర్, మాల్... ఇవన్నీ చూడాలంటే నేనేమన్నా పోస్ట్‌మ్యాన్‌నా? నాకు కావలసింది వేరే. సూళ్లూరుపేటలో లోకల్ ఎక్కాలి, నింపాదిగా ఒకటో రెండో చూడాలి, మంచి భోజనం చేయాలి, సాయంత్రానికి మళ్లీ లోకల్లోనే ఇంటికి రావాలి. కారు వద్దు. పోయేది నలుగురం, అందులో అమ్మకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, బాబుకి 7. ఆదివారమైతే వీలు.
అడగాల్సినవి: మూర్ మార్కెట్‌లో (సెంట్రల్ పక్కనున్న లోకల్ స్టేషన్) దిగాలా, బీచ్ స్టేషన్లోనా? తిరుగు బండి తప్పితే ఎట్లా? రైల్లో బాత్‌రూమ్ ఉంటుందా? ఆదివారం పోవచ్చా?

మెమూ_మేస్త్రి
బాత్‌రూమ్ సంగతి ముందు. ఈఎంయూ రేక్ (మామూలు లోకల్ పెట్టెలు) వస్తే ఉండదు, మెమూ రేక్ (కాస్త దూరం పోయే రకం పెట్టెలు) వస్తే ఉంటుంది. ఏది వస్తుందో ముందే తెలీదు కాబట్టి లేదనే అనుకుని సూళ్లూరుపేట స్టేషన్లోనే పని చూసుకోండి. 80 పైచిలుకు కిలోమీటర్లు, రెండు గంటలు. బేసిన్ బ్రిడ్జి సిగ్నల్ దగ్గర నిలబెడితే రెండుంపావు. పెద్దావిడకీ పిల్లాడికీ బండెక్కే అరగంట ముందు కాఫీలు, నీళ్లు తగ్గించండి.
తిరుగు బండి గురించి రాత్రికి రాస్తా, అదే అసలు కథ.

తడ_తమ్ముడు
మూర్ మార్కెట్టే. సూళ్లూరుపేట బండ్లు ఎక్కువగా అక్కడికే పోతాయి. బీచ్ బండి కావాలంటే గుమ్మిడిపూండిలో మారాల్సి రావచ్చు, అమ్మగారితో అది అనవసరం.

జార్జిటౌన్_గుమాస్తా
తమ్ముడూ, అంత తేలిగ్గా కొట్టేయబాక. యాడ దిగాలనేది యాడికి పోవాలనేదాన్ని బట్టి. పారిస్ కార్నర్, తంబుచెట్టి వీధి, హైకోర్టు అయితే బీచ్ స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. మ్యూజియం, మైలాపూరు అయితే మూర్ మార్కెట్.
బండి కొరుక్కుపేట దాకా ఒకటే దోవ, ఆడ రెండుగా చీలుతుంది. మూర్ మార్కెట్‌ది బేసిన్ బ్రిడ్జి మీదుగా పోతుంది. బీచ్‌ది చాకలిపేట, రాయపురం మీదుగా. రాయపురం స్టేషన్ 1856 నాటిది, దక్షిణాదిలో ఇంకా నిలబడి ఉన్న స్టేషన్లలో అదే పాతది. రైలు పిచ్చి ఉన్న పిల్లాడైతే కిటికీలోంచి చూపించండి.

పులికాట్_కొంగ
ఆదివారం అన్నారు కాబట్టి జార్జిటౌన్ కొట్టేయండి. గోడౌన్ స్ట్రీట్, కాశీచెట్టి వీధి, ఆండర్సన్ స్ట్రీట్ అన్నీ షట్టర్లే.

జార్జిటౌన్_గుమాస్తా
కొనేవాళ్లకి నష్టం, చూసేవాళ్లకి లాభం. మామూలు రోజుల్లో ఆ సందుల్లో మూటలు మోసే బండ్ల మధ్య తల పైకెత్తితే కాలు తొక్కించుకోవాల్సిందే. ఆదివారం పొద్దున అయితే పాత మిద్దెలు, ఆర్మీనియన్ చర్చి, హైకోర్టు బురుజులు నిదానంగా చూడొచ్చు. ఆ పెద్ద గుమ్మటం మీదే 1977 దాకా పట్నం దీపస్తంభం వెలిగింది.
కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకి, బొమ్మల కొట్లు మూసున్న వీధుల్లో ఏడేళ్ల పిల్లాడికి ఇది పనికి రాదు. అది ఒప్పుకుంటా.

లెక్కల_మాస్టారు
నింపాదిగా అంటున్నారు, మంచిది. లెక్క వేస్తే ఊళ్లో మీకు దొరికేది ఎంత? పదిన్నర, పదకొండు మధ్య దిగుతారు. నాలుగింటికల్లా తిరుగు స్టేషన్ దగ్గరుండాలి. మొత్తం ఐదు గంటలు. భోజనానికి ఒక గంట, అటూ ఇటూ తిరగడానికి ఒక గంట తీసేయండి. మిగిలింది మూడు గంటలు. అందులో ఒక పెద్ద చోటు, ఒక చిన్న చోటు పడతాయి. మూడోది పెడితే రెండూ చెడతాయి.

చెంగాళమ్మ_గుడివీధి
నాలుగింటికే ఎందుకు మాస్టారూ? ఆరుకో ఏడుకో ఎక్కకూడదా?

లెక్కల_మాస్టారు
మామూలు రోజుల్లో ఐదు నుంచి ఏడున్నర దాకా మూర్ మార్కెట్లో ఎక్కే జనాన్ని మీరు చూడలేదు. పొన్నేరి దాకా కాలు పెట్టే సందుండదు. ఆదివారం కాస్త నయం గానీ, ఆ రోజు బండ్లే తక్కువ.

మెమూ_మేస్త్రి
తిరుగు ప్రయాణం గురించి చెప్తానన్నా కదా, ఇదిగో. ఇది సరిగ్గా చూసుకోకనే జనం ఇరుక్కుంటారు.

మూర్ మార్కెట్లో ఈ లైన్లో కనిపించే బండ్లలో ఎక్కువ భాగం గుమ్మిడిపూండితో సరి. సూళ్లూరుపేట దాకా వచ్చేవి రోజు మొత్తానికి కొన్నే, వాటి మధ్య ఖాళీ గంటల లెక్కన ఉంటుంది. "లోకల్ కదా, పావుగంటకొకటి వస్తుంది" అనుకుని పోయారో, గుమ్మిడిపూండి ప్లాట్‌ఫారం మీద దోమల్తో సంసారం. కాబట్టి పోయే బండి కాదు, తిరిగొచ్చే బండి ముందు ఎంచుకోండి. దాని ముందుదీ వెనకదీ కూడా కాగితం మీద రాసుకోండి. టైములు ఇక్కడ రాయను, మారుతుంటాయి. ఇంటర్నెట్లో పాత పట్టికలు కుప్పలుగా ఉన్నాయి, వాటిని నమ్మబాకండి. స్టేషన్లో అంటించిన కాగితం ఫోటో తీసుకోండి. ఆదివారం పట్టిక వేరు, అది చూడండి.

రెండోది లైన్ బ్లాక్. ఈ సెక్షన్లో పట్టాల పనులకి పగటి పూట కొన్ని గంటలు లైన్ ఆపేస్తుంటారు. ఆ రోజు కొన్ని లోకళ్లు పూర్తిగా రద్దవుతాయి, కొన్ని పొన్నేరి దాకానో మింజూరు దాకానో వచ్చి వెనక్కి పోతాయి. ఒకట్రెండు రోజుల ముందు చెన్నై డివిజన్ వాళ్లు ప్రకటిస్తారు. ముందు రోజు సాయంత్రం ఒకసారి, పొద్దున బయల్దేరే ముందు ఇంకోసారి చూడండి.

మూడోది తప్పు బండి. మూర్ మార్కెట్లోంచే తిరువళ్లూరు, అరక్కోణం బండ్లూ పోతాయి. బేసిన్ బ్రిడ్జి తర్వాత కొరుక్కుపేట వస్తే మీ బండే. వ్యాసర్పాడి జీవా అని బోర్డు కనిపిస్తే పడమటి లైన్లో పడ్డారని అర్థం. అక్కడే దిగి బేసిన్ బ్రిడ్జికి వెనక్కి రండి, ఆవడి దాకా పోయి ఏడవద్దు.

తడ_తమ్ముడు
"దోమల్తో సంసారం" 😂 మేస్త్రిగారు ఆ ప్లాట్‌ఫారం మీద చాలా రాత్రులు కాపురం చేసినట్టుంది.

కొరుక్కుపేట_కోడలు
మేస్త్రిగారి దానికి ఒకటి కలుపుతా. ఆఖరి సూళ్లూరుపేట బండి తప్పిపోతే రెండు దార్లు. ఒకటి, గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి అక్కడ దిగి హైవే మీదికి పోయి నెల్లూరు వైపు బస్సు పట్టుకోవడం. పగలైతే సరే, రాత్రి పిల్లాడితో హైవే పక్కన నిలబడ్డం మంచిది కాదు. రెండు, పట్నంలోంచే నేరుగా మాధవరం బస్టాండుకి ఆటోలో పోవడం. ఆంధ్రా వైపు బస్సులు ఇప్పుడు అక్కడినుంచే, కోయంబేడు కాదు. ఎక్కేటప్పుడే "సూళ్లూరుపేట లోపలికి వస్తుందా, బైపాస్‌లో దించుతారా" అని కండక్టర్ని అడగండి. బైపాస్ అయితే ఇంటికి ఫోన్ చేసి బండి తెప్పించుకోవాల్సిందే.

ఎక్స్‌ప్రెస్_ఏకాంబరం
ఇంత గొడవెందుకు, ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటంపావులో ఇల్లు.

మెమూ_మేస్త్రి
ఏ ఎక్స్‌ప్రెస్? సూళ్లూరుపేటలో ఆగేవి ఎన్ని? ఆగేవాటికైనా లోకల్ టిక్కెట్ చెల్లదు. పట్టుకుంటే కనీసం 250 రూపాయల జరిమానా, పైన అసలు చార్జీ. నలుగురికి వెయ్యి దాటుతుంది. ఎక్స్‌ప్రెస్‌కే పోవాలనుకుంటే దానికి తగ్గ టిక్కెట్ విడిగా కొనండి, అంతేగానీ "ఒక్క స్టేషనే కదా" అని ఎక్కబాకండి.

నాయుడుపేట_నాని
మాది నాయుడుపేట. నెల్లూరు మెమూలో సూళ్లూరుపేట వచ్చి మారొచ్చా?

తడ_తమ్ముడు
మారొచ్చు గానీ మెమూ ఆలస్యమైతే లోకల్ మీ కోసం ఆగదు. పొద్దున పూట బస్సులో సూళ్లూరుపేట వచ్చి ఎక్కడం నయం. సాయంత్రం వచ్చేటప్పుడు మెమూ దొరికితే దొరికినట్టు.

టిక్కెట్టు_తాతయ్య
టిక్కెట్ల విషయం ఎవరూ చెప్పలేదు. మూర్ మార్కెట్ వరకు కాకుండా మీరు ఆఖర్న దిగే స్టేషన్ దాకా, అంటే ఎగ్మోర్ అయితే ఎగ్మోర్ అని, ఒకే టిక్కెట్ అడగండి. మధ్యలో పార్క్ స్టేషన్లో మళ్లీ క్యూ కట్టక్కర్లేదు. 5 ఏళ్లు నిండని వాళ్లకి టిక్కెట్ లేదు, మీ బాబుకి సగం. పెద్దావిడకి రాయితీ ఏమీ ఉండదు.
రైల్వే యాప్‌లో తీసుకుంటే స్టేషన్ బయట ఉన్నప్పుడే తీసుకోండి. పట్టాలకి మరీ దగ్గరికొస్తే తీసుకోనివ్వదు, అప్పుడు స్టేషన్లో అంటించిన క్యూఆర్ స్కాన్ చేయాలి. స్క్రీన్‌షాట్ చెల్లదు, యాప్‌లోనే తెరిచి చూపించాలి. ఫోన్ చచ్చిపోతే టిక్కెట్ లేనట్టే. నలుగురి టిక్కెట్లు ఒకే ఫోన్లో పెట్టుకుని అదే ఫోన్తో రోజంతా ఫోటోలు తీసేవాళ్లకి ఇది ముఖ్యంగా చెప్తున్నా. తిరుగు టిక్కెట్ కాగితం మీద కొనుక్కోండి.

పులికాట్_కొంగ
కూర్చునే వైపు: పొద్దున పోయేటప్పుడు ఎడమ పక్క తూర్పు, ఎండ కొడుతుంది. కానీ అత్తిపట్టు పుదునగర్ దాటి ఎన్నూరు దగ్గరికొచ్చాక ఉప్పుకయ్య, నీళ్లు, థర్మల్ కేంద్రం పొగగొట్టాలు ఆ పక్కే. కత్తివాక్కం దగ్గర సముద్రం గాలి తగులుతుంది. సాయంత్రం వచ్చేటప్పుడు ఎండ మళ్లీ ఎడమ పక్కే, ఈసారి పడమర. అందుకని వచ్చేటప్పుడు కుడి పక్క కూర్చోండి. చల్లగానూ ఉంటుంది, ఆ ఉప్పుకయ్య ఇంకోసారి కనిపిస్తుంది.

ఎక్స్‌ప్రెస్_ఏకాంబరం
ఎన్నూరులో ఆ వాసన గురించి చెప్పలేదేం?

పులికాట్_కొంగ
చెప్తే కిటికీ సీటు ఎవరూ తీసుకోరని.

అమరావతి_రాయి
ఆదివారం, పెద్దావిడ, పిల్లాడు, నింపాది. ఈ నాలుగూ కలిస్తే జవాబు ఒకటే, ఎగ్మోర్ మ్యూజియం. శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది. తొమ్మిదిన్నర నుంచి ఐదు దాకా, టిక్కెట్ కౌంటర్ కొంచెం ముందే మూస్తారు. 1851లో పెట్టిన మ్యూజియం, ఆవరణ చాలా పెద్దది, భవనాలు విడివిడిగా ఉంటాయి. అన్నీ చూడాలనుకుంటే ఇక్కడా ఆ పోస్ట్‌మ్యాన్ పనే అవుతుంది.

మన తెలుగువాళ్లు ముందు పోవాల్సింది అమరావతి గదికి. మన పాత గుంటూరు జిల్లా స్తూపం రాళ్లు ఎందుకు అక్కడున్నాయంటే, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి తెప్పించాడు. వాటిలో చాలా భాగం ఓడెక్కి లండన్ పోయింది. తర్వాతి తవ్వకాల్లో దొరికినవాటిలో చాలా రాళ్లు మద్రాసుకే చేరాయి. అక్కడ గుండ్రటి పలక ఒకటుంది, నాలగిరి ఏనుగుని బుద్ధుడు లొంగదీసింది. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వస్తుంటుంది, కుడివైపు అదే ఏనుగు మోకాళ్ల మీద కూర్చుని ఉంటుంది. పై అంతస్తు కిటికీల్లోంచి జనం తొంగిచూస్తుంటారు. ఒకే రాతిలో కథ ముందూ వెనకా రెండూ చెక్కాడు. ఏడేళ్ల పిల్లాడికి "ఇందులో ఏనుగులు ఎన్ని?" అని అడగండి, ఒకటా రెండా అని పావుగంట తన్నుకుంటాడు.

తర్వాత కంచు విగ్రహాల భవనం. తిరువెంకాడు అర్ధనారీశ్వరుడు, తిరువాలంగాడు నటరాజు చూస్తే చాలు. మిగతాది అమ్మగారి ఓపికని బట్టి.

టిక్కెట్టు_తాతయ్య
చేరుకునేదెట్లా: మూర్ మార్కెట్ బయటికొచ్చి రోడ్డు దాటి పార్క్ స్టేషన్, అక్కడ తాంబరం వైపు లోకల్, ఒక్కటే స్టేషన్. కాకపోతే పార్క్‌లో మెట్లున్నాయి. మోకాళ్లనొప్పులంటే సెంట్రల్ మెట్రోలోకి దిగండి, లిఫ్టులున్నాయి, ఎగ్మోర్ పక్క స్టేషనే. మెట్రో కనీస చార్జీ 10 రూపాయలు. అట్లా పోయేటట్టయితే లోకల్ టిక్కెట్ మూర్ మార్కెట్ వరకే తీసుకోండి. ఎగ్మోర్ నుంచి మ్యూజియం దాదాపు కిలోమీటరు, ఆటో ఎక్కండి.

కొరుక్కుపేట_కోడలు
రైలు దిగేటప్పటి కిటుకు ఒకటుంది. మూర్ మార్కెట్లో పట్టాలు అక్కడితో ఆఖరు, గేటు బండి ముందు పక్క ఉంటుంది. 12 పెట్టెల బండి పావు కిలోమీటరు పొడుగు. పోయేటప్పుడు సూళ్లూరుపేటలోనే ముందు పెట్టెల్లో ఎక్కితే అమ్మగారికి ఆ నడక తప్పుతుంది. వచ్చేటప్పుడు తిరకాసు. గేటు పక్క పెట్టెలే ముందు నిండిపోతాయి, ముందుకి నడిస్తే సీటు దొరుకుతుంది. అందుకని 20 నిమిషాలు ముందుగా వచ్చి బాబుని తీసుకుని ఒకరు ముందుకి పోయి సీటు పట్టుకోండి, అమ్మగారు నిదానంగా నడిచొస్తారు.

డికాషన్_దాసు
మైలాపూరు పోకుండా మద్రాసు ట్రిప్పా? పార్క్ టౌన్లో ఎంఆర్‌టీఎస్ (వేళచేరి వైపు పోయే లోకల్) ఎక్కి తిరుమయిలైలో దిగితే కపాలీశ్వరుడి గుడి, కోనేరు, మాడవీధిలో కాళత్తి రోజ్‌మిల్క్. దాని ముందు మ్యూజియం ఏపాటిది!

అమరావతి_రాయి
గుడి పన్నెండుకి మూస్తారు, మళ్లీ నాలుక్కి తెరుస్తారు. పదకొండుకి మూర్ మార్కెట్లో దిగినవాళ్లు పరుగెత్తుకుంటూ పోవాలి. నింపాదిగా అని మొదటి పోస్టులోనే రాశారు కదా.

డికాషన్_దాసు
రోజ్‌మిల్క్‌కి గుడి టైము అక్కర్లేదుగా.

జార్జిటౌన్_గుమాస్తా
మైలాపూరులో మెట్రో తవ్వకాలు, లజ్ దగ్గర బారికేడ్ల మధ్య నడవడమే కష్టం. అయినా పోతే రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు గారి స్మారకం ఉంది, ఆయన 56 రోజులు నిరాహారదీక్ష చేసిన ఇల్లు. మైలాపూరు పోయే తెలుగువాళ్లలో నూటికి తొంభైమంది దాని ముందునుంచే పోతారు, తలెత్తి చూడరు.

లెక్కల_మాస్టారు
56 కాదు, 58. 1952 అక్టోబర్ 19న మొదలు, డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. అక్టోబర్లో 13 రోజులు, నవంబర్లో 30, డిసెంబర్లో 15. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. 56 అని చాలాచోట్ల అచ్చయింది, అందుకే మన నోట్లోనూ అదే తిరుగుతోంది.

జార్జిటౌన్_గుమాస్తా
ఒప్పుకున్నా మాస్టారూ. లెక్కల్లో మీతో పెట్టుకోను.

చెంగాళమ్మ_గుడివీధి
మ్యూజియానికే పోతాం, తేలిపోయింది. భోజనం ఎక్కడ? అమ్మ కారం తినదు.

కొరుక్కుపేట_కోడలు
ఎగ్మోర్ స్టేషన్ ఎదురుగా వసంత భవన్, సంగీత లాంటివి ఉన్నాయి. పన్నెండుంపావుకే కూర్చోండి, ఒంటిగంట దాటితే ఆదివారం బల్ల కోసం నిలబడాలి. మీల్స్‌లో కారం తక్కువే. మ్యూజియంలో ఒక భవనం చూసి, తిని, మళ్లీ రావాలనుంటే టిక్కెట్‌తో తిరిగి లోపలికి రానిస్తారా అని బయటికి వచ్చే ముందే గేటు దగ్గర అడగండి. లేదా ఒక్కసారే చూసేసి ఒకటిన్నరకి భోజనం. పెరుగన్నం డబ్బా ఒకటి కట్టుకుపోవడం మేలు, బాబు ఎప్పుడు ఏడుస్తాడో తెలీదు.

తడ_తమ్ముడు
నెల్లూరు సీమ నుంచి పోయి పట్నంలో "కారం తక్కువ భోజనం" వెతికిన మొదటి కుటుంబం మీదే అక్కా.

సౌకార్‌పేట_జిలేబి
భోజనం తర్వాత గంటన్నర మిగిలితే మింట్ స్ట్రీట్. కాకడా రాంప్రసాద్ దగ్గర జిలేబి, పక్కనే బాదం పాలు. ఎగ్మోర్ నుంచి ఆటోలో పోయి అక్కణ్నుంచి మళ్లీ ఆటోలో మూర్ మార్కెట్. సందులు ఇరుకు, ఆటోని చివర్లో ఆపమని చెప్పండి. సీనాభాయ్ నేతి ఇడ్లీ కూడా ఈ చుట్టుపక్కలే గానీ సాయంత్రం ఆరు తర్వాత తెరుస్తాడు, మీ బండికి కుదరదు.

ఎక్స్‌ప్రెస్_ఏకాంబరం
నేతి ఇడ్లీ కోసం ఆఖరి బండి వదులుకోవచ్చు.

మెమూ_మేస్త్రి
వదులుకోండి ఏకాంబరం గారూ, గుమ్మిడిపూండిలో దోమలు మీకోసం ఎదురుచూస్తుంటాయి.

పులికాట్_కొంగ
నెల చెప్పలేదు. అక్టోబర్ నడిమి నుంచి డిసెంబర్ మొదలు దాకా ఈశాన్య రుతుపవనాలు, పట్టాల మీద నీళ్లొస్తే ఈ లైన్ ముందుగా పడకేస్తుంది. ఏప్రిల్, మేలో మ్యూజియం భవనాల మధ్య నడకే పెద్ద శిక్ష. జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి.

చెంగాళమ్మ_గుడివీధి
జనవరి మూడో ఆదివారం అనుకుంటున్నాం. అమ్మకి చెప్తే ఒకే మాట అడిగింది, "పట్నంలో కనకమ్మ గుడి ఉంటుందంట కదా, కోమట్లది, అది దారిలోనేనా?"

జార్జిటౌన్_గుమాస్తా
కన్యకాపరమేశ్వరి గుడి, కొత్వాల్ చావడిలో ఉంది. ఆ చావడి కూరగాయల మార్కెట్టు 1996లో కోయంబేడుకి పోయింది గానీ గుడి అక్కడే ఉంది. మింట్ స్ట్రీట్ నుంచి ఆటోకి దగ్గరే. మధ్యాహ్నం మూసుంటుంది, కాబట్టి ఆ రోజు మ్యూజియంలో ఒక భవనం తగ్గించుకుని పొద్దున మూర్ మార్కెట్లో దిగగానే గుడికి పోయి, తర్వాత ఎగ్మోర్. జిలేబి పొద్దునపూటే తినాల్సి వస్తుంది మరి.

సౌకార్‌పేట_జిలేబి
పొద్దున జిలేబి ఇంకా వేడిగా ఉంటుంది, అభ్యంతరమేముంది.

లెక్కల_మాస్టారు
గుడి, జిలేబి, ఏనుగు రాయి, భోజనం, నాలుగింటి బండి. ఆ ఐదు గంటల్లో పడుతుంది. కంచు భవనం వదిలేస్తే.

అమరావతి_రాయి
నటరాజుని వదిలేయమంటారా మాస్టారూ? పది నిమిషాలు ఇవ్వండి. భోజనంలో రెండోసారి సాంబారు వేయించుకోకపోతే దొరుకుతాయి.